పార్కు చెరువులో హైబ్రిడ్ క్యాట్‌ఫిష్ వేయొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి

నమస్తే అండీ. మేం డాలస్ దగ్గర చిన్న ఊళ్లో ఉంటాం. ఇక్కడి పార్కులో నాలుగెకరాల చెరువుంది, పిల్లలు గాలాలు వేసేది అక్కడే. ఇన్నాళ్లూ చానల్ క్యాట్‌ఫిష్ (ఇక్కడ మామూలుగా వేసే మీసాల చేప రకం) వేసేవారు. ఈసారి హైబ్రిడ్ వేస్తే ఎలా ఉంటుందని ఊరి పార్కు కమిటీ అడిగింది. అందులో నేనూ ఉన్నాను, కాబట్టి జవాబు చెప్పాలి.

హైబ్రిడ్ అనగానే మా ఆవిడ కంగారుపడింది. మన దగ్గర నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అనుకుంది! ఇది అది కాదు. ఆడ చానల్ క్యాట్‌ఫిష్‌కీ, బ్లూ క్యాట్‌ఫిష్ అనే ఇంకో రకం మగచేపకీ పుట్టేది. రెండూ వాటంతటవి జతకట్టడం అరుదు, అందుకే హేచరీలో ఆడచేపకి హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి చేత్తో గుడ్లు పిండుతారు. పిల్ల ఖరీదు ఎక్కువ కావడానికి అదో కారణం. త్వరగా పెరుగుతుందంటారు.

నా అనుమానాలు రెండు. చెరువులో బాస్ చేపలు బాగా ఉన్నాయి, నాలుగంగుళాల పిల్లల్ని వేస్తే వాటికి ఫలహారమే. ఎనిమిదంగుళాలవి సరిపోతాయా, పన్నెండు ఉండాలా? రెండోది, ఇవి గాలానికి తొందరగా పడతాయట. మొదటి రెండు వారాల్లోనే చెరువు ఖాళీ అయిపోతే? పోయిన శనివారం మా తొమ్మిదేళ్లవాడు కోడి లివర్ గుచ్చి మూడు గంటలు కూర్చున్నాడు, లివర్ జారిపోవడం తప్ప ఒక్కటీ పడలేదు.

ఒకేసారి వేయించాలా, విడతలవారీగానా? మీ ఊళ్లో వేసినవాళ్ళుంటే ఎకరానికి ఎన్ని వేశారో కూడా చెప్పండి. పర్మిట్ సంగతి కమిటీ చూసుకుంటుంది.