వ్యాన్‌లో ఫ్రిజ్ సరిగ్గా చల్లబడటం లే, ఇంటి దగ్గర కరెంటు మీద మాత్రం బానే ఉంటుంది

తిరుపతి_బండి:
నమస్తే అన్నా అందరికీ. పాత టెంపో ట్రావెలర్ కొని లోపల మంచాలు, స్టవ్వు, ఫ్రిజ్ పెట్టించుకున్నాం. ఫ్రిజ్ కంప్రెసర్ లేనిది, గ్యాసు, 12 వోల్టులు, ఇంటి కరెంటు మూడింటి మీదా నడుస్తుంది. ఇంటి ముందర కరెంటుకి పెడితే 6 డిగ్రీలకి వస్తుంది. పోయిన వారం హార్సిలీ హిల్స్ పోయినాం, దోవలో బ్యాటరీ మీద పెట్టి పైకి పోయినాక గ్యాస్ మీదికి మార్చినా, తెల్లారి చూస్తే పాలు విరిగిపోయుండాయి, నీళ్ల గ్లాసులో పెట్టిన థర్మామీటర్ 16 చూపిస్తా ఉంది. మంట వెలుగుతానే ఉంది, పసుపుగా ఉంది. మా అమ్మ ఇన్సులిన్ దాంట్లోనే పెడతాం, అదే నా భయం. బిగించినోళ్లు ఫ్రిజ్ లోపల చల్లబరిచే గ్యాస్ నింపాలి అంటా ఉన్నారు, 6 వేలు అంట. నింపించమంటారా?

పలమనేరు_డ్రైవర్:
అంత ఎత్తులో గ్యాస్ సరిగ్గా మండదేమో అన్నా.

చిత్తూరు_రిపేరు:
తమ్ముడూ, ఆ 6 వేలు ఇవ్వద్దు. ఈ రకం ఫ్రిజ్‌లో లోపలుండేది అమ్మోనియా, నీళ్లు, హైడ్రోజన్, ఫ్యాక్టరీలోనే సీలు చేసుంటారు, మామూలు ఫ్రిజ్ మాదిరి బయట నింపేది కాదు. అది లీకై ఉంటే కరెంటు మీద కూడా చల్లబడదు, ముక్కు మండే వాసన వస్తుంది, వెనక గొట్టాల మీద పసుపు పొడి కూడా కనపడొచ్చు. నీది కరెంటు మీద 6కి వస్తా ఉందంటే లోపల బాగుందనే.

ఎత్తు కూడా కాదు, హార్సిలీ హిల్స్ నాలుగు వేల అడుగుల పైన అంతే. నాకు అనుమానం వాలు మీద. బండి ఎట్లా ఆపినావు? ఈ ఫ్రిజ్‌లో పంపు ఉండదు, కింద వేడికి అమ్మోనియా ఆవిరై పైకి పోయి, చల్లబడి నీళ్ల మాదిరి దాని బరువుకే కిందికి జారాలి. బండి ఒక పక్కకి వాలితే అది మధ్యలో నిలిచిపోతుంది, వాలులోనే రోజులు నడిపితే బాయిలర్, అంటే కింద వేడెక్కే గొట్టం, కాలి ఫ్రిజ్ పూర్తిగా పోతుంది. పోయేటప్పుడు బండి అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి దోవలో పర్లేదు, ఆపినాకే ఇబ్బంది. ఫ్రిజ్ లోపల అడుగున మేస్త్రీల రసమట్టం పెట్టి చూడు, బుడగ మధ్యలో లేకుంటే చక్రం కింద చెక్క పెట్టి సరిచెయ్యి.

మంట పసుపుగా ఉందంటే బర్నర్‌లో మసో సాలెగూడో ఉంటుంది. సిలిండర్ కట్టేసి, చల్లారినాక విప్పి బ్రష్‌తో తుడువు. జెట్‌లో, అంటే గ్యాస్ వచ్చే సన్న రంధ్రంలో, సూది మాత్రం పెట్టొద్దు, రంధ్రం పెద్దదైతే ఇంకా పాడు. నీలం మంట రావాలి. పొగగొట్టం బయటికే ఉందా చూసుకో, ఆ పొగ లోపలికొస్తే ప్రాణానికే ప్రమాదం. పెట్రోల్ బంకులోకి పోయే ముందర గ్యాస్ ఆపేయాల, మరిచిపోవద్దు.

బాటసారి_రేణిగుంట:
నాది కూడా ఇదే రకం. ఫ్రిజ్ వెనక చూసినావా అన్నా? నాకు ప్లైవుడ్ పెట్టెలో దూర్చి కింద మాత్రం జాలీ పెట్టినారు, పైన గాలి పోయేదానికి దారే లేదు. తిరుపతి మే నెల ఎండకి చెయ్యి పెడితే పొయ్యి మాదిరి ఉండేది. కింద నుంచి గాలి వచ్చి, గొట్టాలకి తగిలి, పైనుంచి పోవాల, అప్పుడే చల్లబడుతుంది. నేను పైన ఇంకో జాలీ కోయించి కంప్యూటర్లో ఉండే చిన్న 12 వోల్టుల ఫ్యాన్ పెట్టినా, చాలా తేడా వచ్చింది.

బ్యాటరీ వైరు కూడా చూడు. ఈ ఫ్రిజ్ పదిహేను ఆంపియర్ల దాకా లాగుతుంది, సన్న వైరైతే దోవలోనే వోల్టేజ్ పడిపోతుంది, 12 కి బదులు 10 వస్తే వేడి మూడో వంతు దాకా తగ్గినట్టే. ఇంజన్ ఆపినాక బ్యాటరీ మీద ఉంచొద్దు.

అమ్మ ఇన్సులిన్ గురించి ఒక మాట. వాడతా ఉండే పెన్ను చాలా రకాలకి 30 డిగ్రీల లోపల నాలుగు వారాలు పర్లేదంటారు, డాక్టర్ని అడిగి కాగితం చూసుకోండి. తెరవనిది మాత్రం చల్లగా ఉండాలి, ఐస్‌కి నేరుగా తగలనివ్వద్దు, గడ్డకడితే పారేయాల్సిందే.

తిరుపతి_బండి:
అన్నా చిత్తూరు అన్న అనుమానం నిజమే, బండిని వాలులో ఆపినా, అప్పుడు ఆలోచన రాలా. నిన్న రసమట్టంతో సరిచేసి బర్నర్ తుడిచినా, పిడికెడు మసి రాలింది, మంట నీలంగా వచ్చింది. రాత్రంతా గ్యాస్ మీద పెట్టి పొద్దున్నే చూస్తే 7. వెనక నిజంగానే పైన దారి లేదు, సోమవారం కోయిస్తా, వైరు కూడా మందంది వేయిస్తా. బయలుదేరే ముందు రోజు నుంచే ఆన్ చేసి పెడతా. అమ్మ మందు మాత్రం ఇంకో రెండు రాత్రులు 8 దాటకుండా ఉంటేనే దీంట్లో పెడతా, అప్పటిదాకా ఇంట్లోనే.