సాల్మన్ సాగులో యాంటీబయాటిక్: నార్వేలో టన్ను లోపే, చిలీలో వందల టన్నులు, ఎందుకింత తేడా?

గోదావరి_ల్యాబ్:
నమస్కారం అండి. చల్లనీటి చేపల ఆరోగ్యం మీద పనిచేసేవాళ్లు చెప్పాలి. నార్వేలో 1987లో సాల్మన్ దిగుబడి 50 వేల టన్నుల చుట్టుపక్కల ఉన్నప్పుడు 48 టన్నులకు పైగా యాంటీబయాటిక్ వాడారు. ఇప్పుడు దిగుబడి 15 లక్షల టన్నుల దాకా పోయినా మందు ఏడాదికి టన్ను కూడా దాటడం లేదు. చిలీలో చూస్తే 2014లో 563 టన్నులు, 2023లోనూ 339 టన్నుల దాకా. చేప అదే, కేజ్ (నీటిలో కట్టే వల పంజరం) అదే. మన దగ్గర ఎవరినడిగినా "నార్వేలో చట్టం గట్టిదండీ" అని తేల్చేస్తారు. నిజంగా చట్టమేనా? రెండో ప్రశ్న: మందు మేత డోసు ఎలా కడతారు, పట్టుబడికి ఎన్నాళ్ల ముందు ఆపుతారు? రొయ్యల్లో అవశేషాలు తేలి కంటైనర్లు వెనక్కి రావడం చూస్తున్నాం కాబట్టి ఈ లెక్కలు పక్కాగా తెలియాలి.

ఫ్యోర్డ్_కేజ్:
చట్టం కన్నా ముందు పనిచేసింది టీకా అండి. నార్వేను 80లలో దెబ్బతీసినవి రెండు బ్యాక్టీరియా జబ్బులు. ఒకటి చల్లనీటి విబ్రియోసిస్, హిట్రా దీవి పేరు మీద హిట్రా జబ్బు అంటారు. రెండోది ఫురున్‌క్యులోసిస్, ఏరోమోనాస్ సాల్మోనిసిడా వల్ల వచ్చేది. 1985లో స్కాట్లాండ్ నుంచి తెచ్చిన స్మోల్ట్ (సముద్రంలోకి వదిలే ఈడుకొచ్చిన) పిల్లలతో దిగింది. ఈ రెండూ చేప శరీరంలో కణాల బయటే ఎక్కువగా పెరుగుతాయి కాబట్టి యాంటీబాడీలకు దొరుకుతాయి. 90ల మొదట్లో నూనె కలిపిన ఇంజెక్షన్ టీకా రాగానే మూడు నాలుగేళ్లలోనే మందు వాడకం పడిపోయింది.

ఆ టీకా వేయడంలోనే పనితనమంతా. పిల్ల 30 గ్రాములు దాటాలి. ముందు ఒకట్రెండు రోజులు మేత ఆపి పేగు ఖాళీ చేస్తారు, మత్తు ఇచ్చి పొట్ట కుహరంలోకి 0.05 లేదా 0.1 మి.లీ. పొడుస్తారు. చోటు: పొట్ట మధ్యగీత మీద, పొట్ట రెక్క మొదలుకు ఒక రెక్క పొడవంత ముందు. సూది పొట్టిదైతే మందు కండలోనే ఆగి నల్లమచ్చ పడుతుంది, రక్షణా అంతంతమాత్రమే. పొడుగైతే పేగుకో కిడ్నీకో తగులుతుంది. అందుకే పిల్లల్ని సైజులవారీగా వేరుచేసి సూది మారుస్తారు. తర్వాత సుమారు 500 డిగ్రీ-డేస్ (రోజువారీ నీటి ఉష్ణోగ్రతల మొత్తం) ఆగి సముద్రంలోకి వదులుతారు. నూనె వల్ల లోపలి అవయవాలు ఒకదానికొకటి అతుక్కోవడం దీని దుష్ఫలితం. దాన్ని 0 నుంచి 6 దాకా ఉండే స్పీల్‌బర్గ్ స్కోరుతో కొలుస్తారు.

ఇక చిలీ. అక్కడి శత్రువు పిసిరికెట్సియా సాల్మోనిస్ అనే బ్యాక్టీరియా. 1989లో కోహో సాల్మన్‌లో బయటపడింది. ఇది మాక్రోఫేజ్ కణాల్లోకి దూరి అక్కడే కాపురం పెడుతుంది. అంటే చేపను కాపాడాల్సిన కణమే దానికి ఇల్లు. చంపిన బ్యాక్టీరియాతో చేసిన టీకా వల్ల వచ్చే యాంటీబాడీ అక్కడిదాకా చేరదు. సముద్రంలో మొదటి కొన్ని నెలలు కాపాడినా తర్వాత పట్టు సడలుతుంది. 2016లో బతికున్న, బలహీనపరిచిన టీకాకు అనుమతి వచ్చినా జబ్బు పోలేదు. పైగా కాలిగస్ పేను చర్మాన్ని కొరికితే టీకా వేసిన చేపకూ రక్షణ తగ్గుతుంది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. మందు బరువును బట్టి పడుతుంది. 50 గ్రాముల పిల్లకు జబ్బు వస్తే రోజుకు అర మిల్లీగ్రాము చాలు, 3 కిలోల చేపకు వస్తే 30 మిల్లీగ్రాములు. పిసిరికెట్సియా పెద్ద చేపను కూడా వదలదు, టన్నులు పెరిగేది అక్కడే. వాడే మందులో 95 శాతానికి పైగా ఫ్లోర్‌ఫెనికాల్ అనే యాంటీబయాటిక్కే. చిలీ దక్షిణాన చల్లటి మగల్లానెస్ ప్రాంతంలో వాడకం లాస్ లాగోస్, ఐసెన్ ప్రాంతాల కన్నా బాగా తక్కువ.

చట్టానికీ వాటా ఉంది, కాదనను. నార్వేలో పశువైద్యుడు గానీ ఫిష్ హెల్త్ బయాలజిస్టు గానీ రాస్తేనే మందు. కేజ్‌లో ఘనపు మీటరుకు 25 కిలోలు, మొత్తం 2 లక్షల చేపలు మించకూడదు. పట్టుబడయ్యాక కనీసం రెండు నెలలు సైటు ఖాళీ. కానీ చిలీలోనూ 2007 ఐఎస్ఏ (సాల్మన్‌కు రక్తహీనత తెచ్చే) వైరస్ విపత్తు తర్వాత ఇరుగుపొరుగు సైట్లన్నీ కలిసి మూడు నెలలు ఖాళీ పెట్టే నియమం వచ్చింది, చేపల రంగాన్ని చూసే ప్రభుత్వ సంస్థ సెర్నాపెస్కా ఏటా వాడకం లెక్కలు బయటపెడుతోంది. చట్టం లేక కాదు, టీకాకు లొంగని జబ్బు వల్ల.

నార్వే నీళ్లలో చేపలు చావడం లేదనీ అనుకోకండి. 2023లో సముద్ర దశలో మరణాలు 16.7 శాతం. వైరస్‌లు, మొప్పల జబ్బులు, పేను వదిలించే క్రమంలో దెబ్బలు. వీటికి యాంటీబయాటిక్ పనిచేయదు.

మేత_లెక్క:
డోసు సంగతి నేను చెప్తాను. కేజ్‌లో 50 టన్నుల చేప ఉందనుకోండి. ఫ్లోర్‌ఫెనికాల్ కిలో బరువుకు రోజుకు 10 మి.గ్రా., 10 రోజులు. అంటే రోజుకు 500 గ్రాముల అసలు మందు, మొత్తం 5 కిలోలు. చేపలు బరువులో 0.5 శాతం తింటుంటే రోజుకు 250 కిలోల మేత. కిలో మేతలో 2 గ్రాముల మందు ఉండాలి, 50 శాతం ప్రీమిక్స్ (మేతలో కలపడానికి సిద్ధం చేసిన మందు పొడి) అయితే 4 గ్రాములు.

కాగితం మీద ఇంతే, కేజ్ దగ్గర మూడు చోట్ల తప్పుతుంది. జబ్బు చేప మేత మానేస్తుంది. 250 కిలోలకు బదులు 150 కిలోలే తింటే అందిన డోసు 6 మి.గ్రా. కాబట్టి ముందు ఒకట్రెండు రోజులు ఎంత తింటున్నాయో చూసి, ఆ లెక్కన మేత ఆర్డరు పెట్టాలి. రెండోది బయోమాస్, అంటే కేజ్‌లో చేపల మొత్తం బరువు. 60 టన్నులుండగా 50 అనుకుంటే డోసు 8.3కి దిగుతుంది. మూడోది, మధ్యలో ఆకలి తిరిగొస్తే అంతా మందు మేతే వేసేయడం. ఆ రోజు డోసుకు సరిపడా మందు మేత ముందు వేసి, మిగతాది మామూలు మేత వేయాలి. ప్రీమిక్స్ పట్టించాక చేపనూనెతో పూత పెట్టకపోతే మందు నీళ్లలో కడిగిపోతుంది.

నాలుగు రోజులకు చావులు తగ్గాయని ఆపేయడం అన్నిటికన్నా చెడ్డ పని. పూర్తిగా మానేసిన చేపకు మందు ఎలాగూ అందదు, మనం కాపాడేది ఇంకా తింటున్నవాటిని. అందుకే చచ్చినవి, తేలుతున్నవి రోజూ తీసెయ్యాలి.

ఆక్సీటెట్రాసైక్లిన్ అనే ఇంకో యాంటీబయాటిక్‌ది వేరే కథ. సముద్రపు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం దాన్ని పట్టేసుకుంటాయి, పేగులోంచి ఒంటికెక్కేది కొద్దిగానే. అమెరికా లేబుల్ డోసు కిలోకు 55 నుంచి 83 మి.గ్రా. ఉండడం చూస్తే తేడా తెలుస్తుంది. ఒంటికెక్కనిదంతా రెట్టతో కేజ్ కింది బురదలోకే పోతుంది.

ఆపే గడువు రోజుల్లో కాదు, డిగ్రీ-డేస్‌లో చూడాలి. రోజువారీ సగటు ఉష్ణోగ్రతలు కూడుకుంటూ పోవడమే. 500 డిగ్రీ-డేస్ అంటే 10 డిగ్రీల నీటిలో 50 రోజులు, 5 డిగ్రీల్లో 100. చేప ఒళ్లు నీటితో పాటే చల్లబడుతుంది, మందు అంత నెమ్మదిగా బయటికి పోతుంది. వేసవి లెక్క శీతాకాలంలో వాడితే అవశేషం దొరకడం ఖాయం. అమెరికాలో లేబుల్ మీద రోజుల్లోనే ఉంటుంది: సాల్మన్ జాతికి ఫ్లోర్‌ఫెనికాల్ 15 రోజులు, ఆక్సీటెట్రాసైక్లిన్ 21.

గోదావరి_ల్యాబ్:
చాలా థ్యాంక్స్ అండి. సెన్సిటివిటీ టెస్టు (బ్యాక్టీరియాకు ఏ మందు పనిచేస్తుందో చూసేది) ఎలా పెడతారు? మా ఇంక్యుబేటర్ ఎప్పుడూ 35-37 డిగ్రీల్లోనే ఉంటుంది.

డిస్క్_జోన్:
అక్కడే మోసం జరుగుతుందండి. మామూలు ఏరోమోనాస్ సాల్మోనిసిడా 37లో పెరగదు, "గ్రోత్ లేదు" అని రిపోర్టు వస్తుంది, చేపలు మాత్రం చస్తూనే ఉంటాయి. 22 డిగ్రీల్లో పెట్టి 44-48 గంటలకు జోన్ (మందు డిస్క్ చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం) కొలవాలి. ప్లేటు మీద కాలనీల చుట్టూ గోధుమరంగు దిగితే దాని మీద అనుమానం పెట్టుకోవచ్చు. నమూనా తల వైపు కిడ్నీ నుంచి, కొన ఊపిరితో ఉన్న చేపలోంచి తీయండి. గంటల తరబడి తేలిన చేపలో కుళ్లు బ్యాక్టీరియా ముందు పెరుగుతుంది.

పిసిరికెట్సియాకు సిస్టీన్ కలిపిన ప్రత్యేకమైన అగర్, 18 డిగ్రీల దగ్గర, రోజుల తరబడి ఓపిక కావాలి. అందుకే ముందు పీసీఆర్ చేస్తారు. మనుషుల బ్యాక్టీరియాకు పెట్టిన జోన్ హద్దులు చేపల బ్యాక్టీరియాకు వాడకండి.

చల్లనీళ్లు:
ట్రౌట్ గురించి రెండు ముక్కలు, హిమాచల్, కశ్మీర్ రేస్‌వేల (నీళ్లు పారే పొడవాటి తొట్ల) వాళ్లకు పనికొస్తాయి. యెర్సినియా రుకెరి వల్ల వచ్చే ఎర్రనోటి జబ్బుకు ముంచే టీకా ఉంది, అమెరికాలో 1976 నుంచే. లీటరు టీకాకు 9 లీటర్ల నీళ్లు, పిల్లల్ని వలబుట్టతో 30 సెకన్లు ముంచి తీయాలి. ఆ 10 లీటర్లు 100 కిలోల పిల్లలకు సరి. నీళ్లు తొట్టి ఉష్ణోగ్రతలోనే ఉండాలి, గాలి ఆడాలి.

ఫ్లావోబ్యాక్టీరియం సైక్రోఫిలమ్ మాత్రం టీకా వేసే ఈడు రాకముందే పిల్లను పట్టేస్తుంది. ట్రౌట్ హ్యాచరీల్లో ఫ్లోర్‌ఫెనికాల్ ఎక్కువగా ఖర్చయ్యేది దీనికే. గుడ్లను 100 పీపీఎం అయోడోఫోర్ (అయోడిన్ క్రిమినాశిని)లో 10 నిమిషాలు ఉంచడం, తొట్టిలో పిల్లల్ని పలచన చేయడం, మిగిలిన మేత అడుగున పేరుకోకుండా చూడడం, ఇవే ముందు పనులు.

రొయ్యకు ఈ దారి లేదు. దానికి యాంటీబాడీలే ఉండవు, చేప టీకా పద్ధతి అక్కడ నడవదు.

గోదావరి_ల్యాబ్:
100 కిలోలు అవకముందే పని ఆగిపోతే మిగిలిన ద్రావణం మర్నాడు వాడొచ్చా?

చల్లనీళ్లు:
వాడకండి. కలిపినది ఆ రోజుదే. పిల్లల జిగురు, రెట్ట అందులో పడి ఉంటాయి. 40 కిలోల పిల్లలే ఉంటే 400 మి.లీ. టీకాకు 3.6 లీటర్ల నీళ్లు కలుపుకోండి. అయితే తెరిచిన సీసా ఎంతసేపు నిలుస్తుందో దాని లేబుల్ మీద చూసి, ఒకే రోజు అన్ని తొట్లూ పూర్తయ్యేలా ముందే పిల్లల్ని తూచి పెట్టుకోండి.