గంగమ్మ పండుగ మళ్లీ మొదలెడితే జూన్‌లోనా, సంక్రాంతికా?

తీరంవాసి: మాది శ్రీకాకుళం తీరం. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు నావలు, వలలు పోయాయి. అప్పటి నుంచి మా పేటలో గంగమ్మ పండుగ లేదు. మళ్లీ మొదలెట్టి, చుట్టుపక్కల ఊళ్లనూ పిలిచి పెద్ద జాతరగా చేద్దామని కొందరం అనుకుంటున్నాం. సంక్రాంతికి పెడితే బయట ఉద్యోగాలు చేసేవాళ్లంతా వస్తారు. నావల పోటీ, వంటల స్టాళ్లు, సాయంత్రం స్టేజీ ప్రోగ్రాం. ఏమంటారు?

వలరాజు: నాదీ అదే పేట. సర్కారు వేట నిషేధం కదా, ఏప్రిల్ 15న నావలు ఒడ్డుకెక్కితే జూన్ 14 దాకా దిగవు. ఆ 61 రోజుల్లోనే వలలు బాగుచేసుకుంటాం, నావకు రంగేస్తాం. ఆఖరి వారంలో ఆడవాళ్లు ఘటాలెత్తి ఒడ్డుకొస్తే, నావ ముక్కుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, వేప మండ కట్టి అప్పుడు నీళ్లలోకి తోసేవాళ్లం. సంక్రాంతికి నావలన్నీ వేటలో ఉంటాయి. పసుపు దేనికి రాస్తారు?

తీరంవాసి: నిషేధం మన తాతల నాడు లేదు కదా అన్నా. మొన్నటిదాకా 47 రోజులు, 2015లో 61 చేశారు. సర్కారు తేదీ మారిస్తే అమ్మవారి పండుగా మారుతుందా? పైగా జూన్‌లో చేతిలో డబ్బుండదు. నిషేధ భృతి 20 వేలు చేసినా వలల ఖర్చుకే చాలదు.

ఎర్రదిబ్బ: మేకపోతును కొడతారా? బలులు కూడదని 1950లోనే చట్టం వచ్చింది.

వలరాజు: నేను తేదీ గురించి మాట్లాడుతున్నా.

సిరిమాను: మా విజయనగరం పైడితల్లి జాతరలో సిరిమాను, అంటే పూజారి కూర్చుని ఊరేగే పొడవాటి మాను, దాని ముందు జాలరి వల నడుస్తుంది. లక్షల మంది వస్తారు. జనం పెరిగినంత మాత్రాన అమ్మవారికి లోటేమీ రాలేదు. భయపడకండి.

వలరాజు: దసరా వెళ్లాక వచ్చే మంగళవారమే సిరిమాను తిరుగుతుంది. జనం సెలవుల కోసం దాన్ని ఆదివారానికి జరిపారా?

గంపమ్మ: చందా ఎవరు నిర్ణయిస్తారో ముందు చెప్పండి. చివరిసారి పండుగకు మా ఇంటి చందా ఆలస్యమైందని మా అమ్మను ఘటం ఎత్తనివ్వలేదు. నాన్న మంచంలో ఉన్నాడు. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మి ఇల్లు నడిపింది. తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, పసుపు రాసిన కుండతో గుడి దగ్గర నిలబడితే పక్కకు పొమ్మన్నారు.

తీరంవాసి: అక్కా, అది వేరే విషయం. వలరాజన్నా, నువ్వు ప్రతిదానికీ అడ్డం పడతావు. మీటింగుకు రావు, ఫోనెత్తవు, ఇక్కడ మాత్రం పేజీలు రాస్తావు.

వలరాజు: మీటింగుకు ఎక్కడి నుంచి రమ్మంటావు? ఆగస్టు నుంచి మే దాకా గుజరాత్ వీరావల్‌లో బోటు మీద ఉంటా. పేటలో సగం మంది మగాళ్లం అంతే. గుజరాత్‌లో వేట ఆపేది జూన్, జులై నెలల్లో. ఇంటిముఖం చూసేది అప్పుడే. 2018 నవంబరులో మన ఉత్తరాంధ్రవాళ్లు 20 మందిని పాకిస్తాన్ పట్టుకుపోయి 2020 జనవరిలో వదిలింది. ఆ నీళ్లలోకే మేమూ పోతాం. గంగమ్మకు మొక్కుకోవాల్సిన అవసరం ఎవరికుంది? స్టేజీ ముందు కుర్చీల్లో కూర్చునేవాళ్లకా? మేం లేనప్పుడు చేసేది మా పండుగ ఎలా అవుతుంది?

తీరంవాసి: ఉద్యోగానికి పోయినంత మాత్రాన నేను పేటవాణ్ని కాకుండా పోతానా? జూన్‌లో నాకు సెలవివ్వరు, పిల్లలకు బడులు తెరుస్తారు. నా పిల్లలు ఇంతవరకు నావెక్కలేదు. ఘటం అంటే ఏంటని అడుగుతున్నారు. స్టేజీ వద్దంటే మానేద్దాం. వాళ్లు ఆ పండుగ ఒక్కసారైనా కళ్లారా చూడాలి, నాకు కావాల్సింది అంతే.

ఎర్రదిబ్బ: బలి సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

గంపమ్మ: మీరెప్పుడు ఇంటికొస్తారన్నదే ఇద్దరి గొడవా. ఏడాది పొడవునా పేటలో ఉండేది మేము, ఘటం మోసేది మేము. ఏ నెల బాగుంటుందని మమ్మల్ని అడిగారా?

తీరంవాసి: మీరే చెప్పండి అక్కా.

గంపమ్మ: జూన్. నిషేధంలో చేప రాదు, నాకూ తీరిక ఉంటుంది. కానీ చందా లెక్క గుడి గోడ మీద రాయాలి. డబ్బు కట్టలేని ఇంటి ఆడదీ ఘటం ఎత్తాలి.

వలరాజు: జూన్ అన్నందుకు సంతోషం చెల్లీ. చందా సంగతి కులపెద్దలు చూసుకుంటారులే.

గంపమ్మ: మా అమ్మను పక్కకు పొమ్మన్నది వాళ్లే అన్నా.