మూడు మోడళ్ల సిస్టమ్‌లకు ఒకే విండోస్ 11 మాస్టర్ ఇమేజ్: లెనోవోలో బ్లూ స్క్రీన్

ల్యాబ్‌అడ్మిన్_అమీర్‌పేట
అందరికీ నమస్తే. ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ ల్యాబ్. డెల్ ఆప్టిప్లెక్స్ 3080లు 20, హెచ్‌పీ ప్రోడెస్క్ 400 జీ7లు 12, లెనోవో థింక్‌సెంటర్ నియో 50ఎస్‌లు 10 ఉన్నాయి. అన్నిట్లో విండోస్ 11 ప్రో, పైథాన్, వీఎస్ కోడ్, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ కావాలి. ఒక డెల్‌లో అన్నీ వేసి క్లోన్‌జిల్లాతో (డిస్క్‌ని కాపీ చేసే సాఫ్ట్‌వేర్) ఇమేజ్, అంటే మొత్తం డిస్క్ నకలు తీశాం. మిగతా డెల్‌లలో బాగానే ఉంది. హెచ్‌పీలో డివైస్ మేనేజర్ నిండా పసుపు గుర్తులు. లెనోవోలో 'ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్' అని బ్లూ స్క్రీన్. మోడల్‌కో ఇమేజ్ పెట్టుకోవడం తప్ప వేరే దారి ఉందా? ఉదయం 7కే బ్యాచ్‌లు మొదలవుతాయి, కాబట్టి రాత్రిపూటే పని కావాలి.

డిప్లాయ్_మాదాపూర్
మోడల్‌కో ఇమేజ్ అక్కర్లేదు సర్. ఇమేజ్‌లో ఏ కంపెనీ డ్రైవర్లూ ఉండకూడదు. అవి ఇమేజ్ దించాక మోడల్‌ని బట్టి కలపాలి.

అందుకే మాస్టర్‌ని డెల్ మీద కాకుండా హైపర్-వీలో (విండోస్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే సదుపాయం) జనరేషన్ 2 వర్చువల్ మెషీన్‌లో చేయండి. టీపీఎం (సెక్యూరిటీ చిప్) ఆన్, డిస్క్ 80 జీబీ, నెట్‌వర్క్ తీసేయండి. ఇన్‌స్టాల్ అయ్యాక దేశం ఎంచుకోమనే స్క్రీన్ దగ్గర కంట్రోల్+షిఫ్ట్+ఎఫ్3 నొక్కితే ఆడిట్ మోడ్‌లోకి (యూజర్ అకౌంట్ పెట్టకముందే సాఫ్ట్‌వేర్లు వేసుకునే మోడ్) వెళ్తుంది. సాఫ్ట్‌వేర్లు అక్కడే వేయాలి. వీఎస్ కోడ్ 'యూజర్ ఇన్‌స్టాలర్' వేస్తే అది అడ్మినిస్ట్రేటర్ ప్రొఫైల్‌లోనే ఉండిపోతుంది, స్టూడెంట్ లాగిన్‌లో కనపడదు. 'సిస్టమ్ ఇన్‌స్టాలర్' తీసుకోండి. పైథాన్‌కీ 'ఆల్ యూజర్స్' టిక్ పెట్టాలి.

చెక్‌పాయింట్ (వెనక్కి రావడానికి మెషీన్ స్థితి సేవ్) తీసుకుని, ఆ ఒక్క మెషీన్‌కే చెందిన వివరాలు తీసేసే (జనరలైజ్) ఈ కమాండ్ కొట్టండి:

సిస్‌ప్రెప్ /జనరలైజ్ /ఊబ్ /షట్‌డౌన్

ఆగిపోయాక పొరపాటున కూడా విండోస్‌లోకి బూట్ చేయొద్దు, చేస్తే జనరలైజ్ చేసిందంతా పోతుంది. విన్‌పీఈ (ఇన్‌స్టాల్ పనులకు వాడే చిన్న విండోస్) ఐఎస్ఓతో బూట్ చేసి, డిస్క్‌పార్ట్‌లో డ్రైవ్ లెటర్లు చూసుకుని (విన్‌పీఈలో అవి మారుతుంటాయి), డిస్మ్ టూల్‌తో .విమ్ ఇమేజ్ ఫైల్ తీయండి:

డిస్మ్ /క్యాప్చర్-ఇమేజ్ /ఇమేజ్‌ఫైల్:డి:\మాస్టర్.విమ్ /క్యాప్చర్‌డిర్:సి:\ /నేమ్:మాస్టర్

దించేటప్పుడు డిస్క్‌ని జీపీటీ (పార్టిషన్ పద్ధతి) చేసి పార్టిషన్లు ఈ వరసలో పెట్టండి: ఈఎఫ్ఐ (బూట్ ఫైళ్లకు) 260 ఎంబీ, ఎంఎస్ఆర్ (విండోస్ రిజర్వ్ చేసుకునేది) 16 ఎంబీ, తర్వాత విండోస్, చివర్లో రికవరీ. డిస్మ్ అప్లై-ఇమేజ్ అయ్యాక ఆ మోడల్ డ్రైవర్ ఫోల్డర్ కలపండి (ఇక్కడ డబ్ల్యూ: అంటే విండోస్ పార్టిషన్):

డిస్మ్ /ఇమేజ్:డబ్ల్యూ:\ /యాడ్-డ్రైవర్ /డ్రైవర్:డి:\డ్రైవర్స్\మోడల్ /రికర్స్

ఆ తర్వాత బూట్ ఫైళ్లు రాసే బీసీడీబూట్ కమాండ్. మూడు కంపెనీలూ మోడల్ వారీగా డ్రైవర్ ప్యాక్‌లు ఇస్తాయి. వాటిని విప్పి .ఇన్ఫ్ ఫైళ్లు (డ్రైవర్ వివరాలుండేవి) బయటికి తీయాలి, డిస్మ్‌కి సెటప్ .ఈఎక్స్‌ఈలు పనికిరావు.

మీ బ్లూ స్క్రీన్ చాలావరకు ఇంటెల్ వీఎండీ (డిస్క్‌లను ప్రాసెసరే నియంత్రించే సదుపాయం) వల్లే. 11వ జనరేషన్ ఇంటెల్ ప్రాసెసర్ల నుంచి ఇది వస్తోంది. బయోస్‌లో ఆన్‌లో ఉంటే ఎన్‌వీఎంఈ డిస్క్ దాని వెనక దాక్కుంటుంది. మీ 10వ జనరేషన్ డెల్‌లో తీసిన ఇమేజ్‌కి ఆ డ్రైవర్ ఊసే తెలీదు. వీఎండీ డ్రైవరైన ఐఏస్టోర్‌వీడీ.ఇన్ఫ్ రెండు చోట్ల ఉండాలి: విన్‌పీఈ బూట్.విమ్‌లో, దించిన విండోస్‌లో. బూట్.విమ్‌లో వేసి ఊరుకుంటే విన్‌పీఈకి డిస్క్ కనిపిస్తుంది, ఇమేజ్ దిగుతుంది, రీస్టార్ట్‌లో మళ్లీ అదే నీలం తెర. ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉండి రెయిడ్ వాడకపోతే, ఇమేజ్ దించే ముందే బయోస్‌లో వీఎండీ ఆపేయడం తేలిక.

సిసాడ్మిన్_కూకట్‌పల్లి
పైన చెప్పినదానికి మూడు కలుపుతా.

సిస్‌ప్రెప్ 'విండోస్ ఇన్‌స్టలేషన్‌ని వ్యాలిడేట్ చేయలేకపోయాం' అని ఆగితే సిస్టం32\సిస్‌ప్రెప్\పాంథర్‌లో సెటప్‌యాక్ట్.లాగ్ చివర నుంచి పైకి చదవండి. ఎక్కువసార్లు స్టోర్ యాప్ ఒక్క యూజర్‌కే అప్‌డేట్ అయి ఉంటుంది. లాగ్‌లో ప్యాకేజ్ పేరు ఉంటుంది, పవర్‌షెల్‌లో రిమూవ్-యాప్‌ఎక్స్‌ప్యాకేజ్‌తో తీసేయండి. నెట్‌వర్క్ తీసేయమన్నది ఇందుకే. బిట్‌లాకర్ (డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఆన్‌లో ఉన్నా ఆగుతుంది, మేనేజ్-బీడీఈ -స్టేటస్‌తో చూడండి.

రెండోది, సిస్‌ప్రెప్ లేకుండా క్లోన్ చేసిన డెల్‌లు 'బాగానే ఉన్నాయి' అనుకోకండి. అన్నిటికీ ఒకే మెషీన్ ఎస్ఐడీ (విండోస్ ఒక్కో సిస్టమ్‌కి ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉంటుంది. 2025 ఆగస్టు 29 నుంచి వచ్చిన అప్‌డేట్‌లతో విండోస్ 11 24హెచ్2 దీన్ని గట్టిగా చెక్ చేస్తోంది. ఒకే ఎస్ఐడీ ఉన్న సిస్టమ్‌ల మధ్య షేర్డ్ ఫోల్డర్, రిమోట్ డెస్క్‌టాప్ లాగిన్‌లు ఫెయిలవుతాయి, పాస్‌వర్డ్ కరెక్టే అయినా సరే. ఆ 20 డెల్‌లనీ కొత్త ఇమేజ్‌తో మళ్లీ చేయాల్సిందే.

మూడోది, ఎస్‌క్యూఎల్ సర్వర్‌ని మాత్రం మామూలుగా ఇన్‌స్టాల్ చేసి ఇమేజ్‌లో పెట్టొద్దు. పాత కంప్యూటర్ పేరే లోపల రాసుకుని ఉంటుంది. ఇమేజ్ దించాక సైలెంట్ ఇన్‌స్టాల్ స్క్రిప్ట్‌తో వేయడమే సుఖం.

ల్యాబ్‌అడ్మిన్_అమీర్‌పేట
థాంక్స్ అన్నా, వీఎండీ ఆపేసి చూస్తా. ఇంకో రెండు. మోడల్‌ని స్క్రిప్ట్‌తో ఎలా పట్టుకోవాలి? టెస్ట్ కోసం తీసిన విమ్ 9 జీబీ వచ్చింది, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కావట్లేదు.

డిప్లాయ్_మాదాపూర్
డబ్ల్యూఎంఐలో (సిస్టమ్ వివరాలు ఇచ్చే విండోస్ సదుపాయం) విన్32_కంప్యూటర్‌సిస్టమ్ కింద మోడల్ అనే విలువ చదవండి. డెల్, హెచ్‌పీలకు మోడల్ పేరే వస్తుంది. లెనోవోలో మాత్రం కోడ్ వస్తుంది, దాని మొదటి 4 అక్షరాలే మెషీన్ టైప్, ఫోల్డర్‌కి ఆ పేరే పెట్టండి. విన్‌పీఈలో డబ్ల్యూఎంఐ, పవర్‌షెల్ కాంపోనెంట్‌లు విడిగా కలపాలి, లేకపోతే స్క్రిప్ట్ అసలు కదలదు.

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 కదా, ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. స్ప్లిట్-ఇమేజ్‌తో 3800 ఎంబీ ముక్కలు చేయొచ్చు. నేనైతే డ్రైవ్‌ని రెండు పార్టిషన్లు చేస్తా: 2 జీబీ ఫ్యాట్32లో విన్‌పీఈ, మిగతాది ఎన్‌టీఎఫ్ఎస్‌లో విమ్, డ్రైవర్లు.

లైసెన్స్_డెస్క్
ఒక మాట మరిచారు. సిస్టమ్‌తో పాటు తయారీ కంపెనీ వేసి ఇచ్చిన ఓఈఎం విండోస్‌ని మాస్టర్‌గా చేసి పంచే హక్కు ఉండదు. రీఇమేజింగ్ (ఒకే ఇమేజ్‌ని చాలా సిస్టమ్‌లలో దించడం) హక్కు సంస్థలకు ఇచ్చే వాల్యూమ్ లైసెన్స్‌తో వస్తుంది. విండోస్ ప్రోకి కనీసం ఒక వాల్యూమ్ లైసెన్స్ తీసుకుని, ఆ మీడియాతోనే ఇమేజ్ చేయాలి. 42కీ ప్రో ఓఈఎం ఉంటే ఆ ఒక్కటి చాలు. ఏ సిస్టమైనా హోమ్‌తో వచ్చి ఉంటే దానికి ఇది వర్తించదు, ముందు స్టిక్కర్లు, బిల్లులు చూసుకోండి.