అప్‌డేట్: ఉల్లంకి పిట్టల ఫొటోలు మసకగా రావడానికి కారణం తెలిసింది

దూరంలో ఉన్నవాటిని దగ్గరగా చూపే 600 ఎంఎం లెన్స్‌తో తీస్తే, బురద నేలల్లో తిరిగే ఉల్లంకి పిట్టల ఈకలు కరిగిపోయినట్టు వస్తున్నాయని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే లెన్స్, ఫోకస్ రెండూ బాగానే ఉన్నాయన్నారు.

మీలో ఒకరు చెప్పిన వేడిగాలే అసలు కారణం. ఎండెక్కాక బురద మీంచి లేచే గాలి పొరలు వెలుతురును వంచేస్తాయి, దూరం పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. పాత ఫొటోలు పెద్దవి చేసి చూస్తే సన్నటి కాళ్లు అలల్లా వంకర్లు తిరిగి ఉన్నాయి.

ఇప్పుడు పొద్దు పొడవగానే ఒడ్డున పడుకుని, పిట్ట దానంతటదే దగ్గరికొచ్చేదాకా ఆగుతున్నాను. రెక్క ఈకల లేత అంచులు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తున్నాయి, ఎంత బాగున్నాయో! ఎండెక్కాక మాత్రం పడుకుని తీయకండి, నేలకు దగ్గర్లోనే ఆ గాలి కదలిక ఎక్కువ.

ఆ మసక పోతుందేమోనని షట్టర్ స్పీడ్ 1/2000 సెకనుకి పెంచినా, లెన్స్ ముందున్న ఫిల్టర్ తీసేసినా తేడా ఏమీ రాలేదు.