అప్‌డేట్: పాటలో టిక్ టిక్ శబ్దం పోయింది

ల్యాప్‌టాప్‌లో పాటలు వింటుంటే మధ్యమధ్యలో టిక్కుమంటోంది, బఫర్ (పాట ముక్కను ప్లే అయ్యేముందు నిల్వ ఉంచే చోటు) ఎంత పెట్టాలని పోయిన వారం అడిగాను. సమాధానం చెప్పిన అందరికీ చాలా థాంక్స్.

చూస్తే ఏఎస్ఐఓ (సౌండ్ కార్డుకు ధ్వనిని తక్కువ ఆలస్యంతో పంపే డ్రైవర్) బఫర్ 128 శాంపిల్స్‌లో ఉంది. ఎప్పుడో వీణ రికార్డింగ్ కోసం తగ్గించాను, అలాగే ఉండిపోయింది. 44.1 కిలోహెర్ట్జ్ (అంటే సెకనుకు 44,100 శాంపిల్స్) పాటకు అది 2.9 మిల్లీసెకన్లే. 192 కిలోహెర్ట్జ్ ఫైలుకైతే 0.67! అంతలో తర్వాతి ముక్క అందకపోతే శబ్దం తెగుతుంది. రికార్డింగ్‌లో మీటిన స్వరం వెంటనే చెవిన పడాలి కాబట్టి తక్కువ బఫర్ కావాలి. వినడానికి ఆ అవసరం లేదు. 2048 చేశాను. ప్లే నొక్కాక 46 మిల్లీసెకన్లు ఆలస్యమైతే ఎవరికి తెలుస్తుంది?

టిక్కులు పోయినా, అప్పుడప్పుడూ పాట ఒక సెకను ఆగేది. అది వేరే బఫర్ సంగతి. నా ఫైళ్లు వైఫై మీద ఇంకో కంప్యూటర్ నుంచి వస్తాయి. నేను పాటలు వినే ఫూబార్2000 ప్లేయర్‌లో ఫైలు మొత్తాన్ని ముందే మెమరీలోకి తెచ్చుకునే సెట్టింగ్ ఉంది. నా పెద్ద ఫైళ్ల సైజును మించిన అంకె ఇచ్చాను.

నిన్న రాత్రి హెడ్‌ఫోన్స్‌లో తోడి ఆలాపన విన్నాను. గాయకుడు ఆగి, తంబూరా శ్రుతి ఒక్కటే వినిపించే చోట కూడా ఎక్కడా తెగలేదు.