డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్: తప్పు మందుల షాపుదా, మురుగుకాలువదా?

ఒడ్డున ఇల్లు (పర్లాకిమిడి)
మా నాన్నకి 68 ఏళ్లు. ప్రోస్టేట్ ఆపరేషన్‌కి విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. ఆపరేషన్ బాగానే అయింది, ఐదో రోజు చలిజ్వరం పట్టుకుంది. మూత్రం కల్చర్ రిపోర్టు ఫోన్‌లో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పైన క్లెబ్సియెల్లా అని సూక్ష్మజీవి పేరు. కింద వరసగా మందుల పేర్లు, ఒక్కోదాని ఎదురుగా ఆర్, ఆర్, ఆర్. ఆర్ అంటే ఆ మందుకి లొంగదని. మెరోపెనెమ్ లాంటి గట్టి మందుకి కూడా ఆరే. చిట్టచివర కొలిస్టిన్ దగ్గర మాత్రం ఐ, అంటే కొంతవరకు పని చేయొచ్చని. కిడ్నీలు చూసుకుంటూ అదే ఎక్కించారు.

డాక్టరు గారు ముందు అడిగింది, "ఇంట్లో ఇష్టమొచ్చినట్టు యాంటీబయాటిక్స్ మింగుతారా?" అని. అబద్ధం ఎందుకు, మింగుతాం. దగ్గొస్తే అజిత్రోమైసిన్ మూడు, విరేచనాలైతే నార్‌ఫ్లాక్సాసిన్ రెండు. చీటీ ఎవడడిగాడు? మా తమ్ముడేమో, ఇది ఆసుపత్రుల మురుగు, ఫ్యాక్టరీల నీళ్ల వల్ల వచ్చింది, మన మూడు మాత్రలది కాదంటాడు. మన ఒడిశా వైపు చీటీ లేకుండా అమ్మకం పూర్తిగా ఆపేయాలా? ఏమంటారు?

మాత్రల మావయ్య (పర్లాకిమిడి)
మందుల షాపు నాదే, తిట్లు నాకే కాబట్టి నేనే ముందు మాట్లాడతాను. సెఫిక్సిమ్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ హెచ్1 షెడ్యూల్‌లో, అంటే చీటీ చూసి లెక్క రాసి అమ్మాల్సిన మందుల జాబితాలో ఉన్నాయి. 2014 మార్చి 1 నుంచి డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చామో రిజిస్టర్‌లో రాయాలి, మూడేళ్లు దాచాలి. రాస్తున్నాను. మీ అజిత్రోమైసిన్ హెచ్ కిందికి వస్తుంది, దానికీ చీటీ కావాలి గానీ రిజిస్టర్ లేదు. అక్కడే మేమూ జారుతున్నాం, ఒప్పుకుంటాను.

కానీ కొండ మీద నుంచి బిడ్డని చంకనేసుకుని వచ్చిన మనిషికి ఆ రోజు కూలీ పోయింది, బస్సు చార్జీ పోయింది. డాక్టరు ఫీజు కట్టి రమ్మంటే, "రెండు మాత్రలియ్యి బాబూ, మిగతావి సంతనాడు కొంటాను" అంటాడు. నేను లేదంటే ఆంధ్రాలో ఉన్న పాతపట్నం వెళ్లి కొంటాడు, ఆటో ఎక్కితే చాలు. రాష్ట్రం మారితే రూలు మారదు, కౌంటర్ మారుతుందంతే.

పెట్రీ ప్లేటు (బరంపురం)
మావయ్యా, మీ బాధ నిజమే. కానీ ఆ రెండు మాత్రల దగ్గరే ఉంది అసలు కథ. నేను మైక్రోబయాలజీ ల్యాబులో పని చేస్తాను. రోజూ ఆ ఆర్‌లు కొట్టేది మేమే.

మందు పడగానే కడుపులో లొంగే బ్యాక్టీరియా చచ్చి, లొంగనివాటికి చోటు ఖాళీ అవుతుంది. లొంగని గుణం చాలాసార్లు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్ట మీద ఉంటుంది. అది పెరుగు తోడు లాంటిది. పక్కింటావిడకి చెంచాడు తోడిచ్చినంత మాత్రాన మీ గిన్నెలో పెరుగు తగ్గదు, వాళ్లింట్లో మాత్రం పొద్దున్నకి గిన్నెడు. ఇచ్చేది, పుచ్చుకునేది ఒకే జాతి అవ్వాలని కూడా లేదు. ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి మురుగు కన్నా మంచి చావడి దొరకదు. మింగిన అమాక్సిసిలిన్‌లో సగానికి పైగా మూత్రంలో మందుగానే బయటికొస్తుంది. అంటే కాలువలో బ్యాక్టీరియా, మందు, తోడు మూడూ ఒకచోటే.

ఢిల్లీలో వీధుల్లో నిలిచిన నీళ్లు, కుళాయి నీళ్లు పరీక్షించి 2011లో ప్రచురించారు. కార్బపెనెమ్ మందుల్ని (మెరోపెనెమ్ ఆ కుటుంబానిదే) కూడా ఓడించే ఎన్‌డీఎమ్-1 జన్యువు 171 మురికినీటి నమూనాల్లో 51లో, 50 కుళాయి నమూనాల్లో 2లో దొరికింది. మీ తమ్ముడన్న ఫ్యాక్టరీల సంగతీ అబద్ధం కాదు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లోనే తేలింది. మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు.

కాశీనగరం బాబాయ్
పటాన్‌చెరు ఎక్కడ, మనమెక్కడ నాయనా? ఇక్కడ మందుల ఫ్యాక్టరీలు లేవు. పైగా వంశధార మన దగ్గర్నుంచి ఆంధ్రాకి పోతుంది గానీ అక్కడి నీళ్లు మనకి ఎక్కిరావు. నీళ్లు కాచుకుని తాగితే సరిపోయేదానికి టెన్షన్ ఎందుకు?

పెట్రీ ప్లేటు (బరంపురం)
కాస్తే బ్యాక్టీరియా చస్తుంది బాబాయ్, ఆ మాట వాస్తవం. మరి స్నానం కాచిన నీళ్లతోనే చేస్తున్నారా? ఆకుకూర కడిగేది? ఇక నీళ్లు కిందికి పోతాయంటే, కింద హిరమండలంలో ఉన్నది మన వియ్యంకులే కదా!

నైట్ డ్యూటీ (రాయగడ)
స్టాఫ్ నర్సుని. పదకొండేళ్లలో మూడు ఆసుపత్రులు చూశాను, ఒక్కదాని పేరూ చెప్పను. మీరు ఢిల్లీ, పటాన్‌చెరు తిరిగొచ్చారు. నేనొక మగ్గు సంగతి చెబుతాను.

నీలం ప్లాస్టిక్ మగ్గు. తెల్లవారుజామున ఐదింటికి వార్డులో యూరోబ్యాగులు, అంటే పేషెంట్ల మూత్రం సంచులు ఖాళీ చేయాలి. ఒక్కో పేషెంటుకీ ఒక మగ్గు ఉండాలి. ఉన్నది ఒకటే. ఒకటో మంచం సంచి అందులోకి వంపి, కొలత రాసుకుని, చేతులు కడిగే సింకులోనే పారబోసి, అదే మగ్గుతో రెండో మంచం దగ్గరికి. సంచి కింది గొట్టం కొస మగ్గు అంచుకి తగులుతూనే ఉంటుంది. మంచాలు ఇరవై రెండు, మేం ఇద్దరం. గ్లవ్స్ మార్చినా మగ్గు మారదు. ఆ సింకు గొట్టం లోపల జిగురు పొర కడుతుంది. క్లెబ్సియెల్లా లాంటివి అందులో కాపురం పెడతాయి. కుళాయి ధార నేరుగా రంధ్రంలో పడితే తుంపరలు లేచి పక్కనున్న ట్రే మీద పడతాయి.

ఒడ్డున ఇల్లు తమ్ముడూ, ఐదో రోజు జ్వరం అన్నావు. చేరిన 48 గంటలు దాటాక మొదలైన ఇన్ఫెక్షన్‌ని మామూలుగా ఆసుపత్రి ఖాతాలోనే రాస్తారు. మీ ఇంట్లో మాత్రల గురించి అడిగిన డాక్టరు గారిని, వాళ్ల వార్డులో మగ్గులెన్నో నువ్వూ అడగాల్సింది.

మాత్రల మావయ్య (పర్లాకిమిడి)
అదీ మాట! ఇన్నాళ్లకి ఒకళ్లు షాపు వాణ్ని వదిలి వేరే చోట వేలు పెట్టారు.

నైట్ డ్యూటీ (రాయగడ)
మిమ్మల్ని వదల్లేదు మావయ్య గారూ. మగ్గు ఆ లొంగని సూక్ష్మజీవిని మంచం నుంచి మంచానికి మోస్తుంది, పుట్టించదు. వచ్చే పేషెంట్లలో కొందరు దాన్ని కడుపులో పెట్టుకునే వస్తున్నారు.

పెట్రీ ప్లేటు (బరంపురం)
అక్కా, ఆ సింకు నీళ్లు తర్వాత ఎక్కడికి పోతాయో కూడా అడగాలి. ఆసుపత్రి ద్రవ వ్యర్థాల్ని శుద్ధి చేశాకే బయటి మురుగులో కలపాలని 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. ఆసుపత్రి వెనక గోడ దగ్గర నిలబడి చూస్తే ఎవరు పాటిస్తున్నారో తెలుస్తుంది. నన్నడిగితే చీటీ కట్టుదిట్టం చేయాల్సిందే, కానీ కొండల్లో డాక్టర్ని కూర్చోబెట్టకుండా చీటీ అడగడం అన్యాయం. మొదట వెనక గోడ, తర్వాత మావయ్య కౌంటర్.

కాశీనగరం బాబాయ్
కోళ్లకి వేసేవాళ్లనీ కలుపు అందులో. కొలిస్టిన్ మేతలో కలిపేవాళ్లు.

పెట్రీ ప్లేటు (బరంపురం)
అలా మేతలో కలపడాన్ని 2019 జులైలో నిషేధించారు బాబాయ్. ఇవాళ మన ఒడ్డున ఇల్లు వాళ్ల నాన్నని కాపాడింది ఆ మందే.

ఒడ్డున ఇల్లు (పర్లాకిమిడి)
అందరికీ దండాలు. నాన్నకి గొట్టం తీసేశారు, శుక్రవారం ఇంటికి తెచ్చాం. నర్సక్క చెప్పిన మగ్గు గురించి రెండో రోజు నేనూ చూశాను, తెల్లది. అప్పుడు తోచలేదు.

నిన్న మా ఇంట్లో మందుల డబ్బా బోర్లిస్తే సగం సగం స్ట్రిప్పులు ఏడు దొరికాయి. అమ్మ వాటిని డ్రైనేజీలో పారేయబోతే ఆపాను. ఇప్పుడివి ఎక్కడ పడేయాలి?

మాత్రల మావయ్య (పర్లాకిమిడి)
షాపుకి పట్రా. కస్టమర్ చేతిలోకి వెళ్లిన సరుకుని డిస్ట్రిబ్యూటర్ వాపసు తీసుకోడు, ఆ సంగతి ముందే చెబుతున్నా. ఓ అట్టపెట్టె పెట్టి ఉంచుతాను. నిండాక ఎక్కడికి పంపాలో ల్యాబు కుర్రాడు చెప్పాలి.